లింఫోమా కణం దేని మీద బతుకుతుంది?

(నల్లగొండలో డిగ్రీ, నర్సింగ్ విద్యార్థులు, ఆశా కార్యకర్తల ముందు ఒక పాథాలజీ డాక్టర్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ముందు వరుసల్లో బీఎస్సీ పిల్లలున్నారు, వాళ్ల వెనక నర్సింగ్ విద్యార్థులు, ఆ వెనక ఆశా కార్యకర్తలు. చివర్లో పేషెంట్ల ఇంటివాళ్లు కూడా కొందరు కూర్చున్నారని చెప్పారు. చదువులు వేరైనా మీ అందరికీ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. లింఫోమా అంటే లింఫోసైట్లు అనే రక్షణ కణాల్లో పుట్టే క్యాన్సర్. లింఫోమా కణం ఊరికే పెరగదు. తన మీదున్న రిసెప్టర్ల నుంచి, అంటే బయటి సంకేతాలను పట్టుకునే ప్రోటీన్ల నుంచి, అందే కబురు మీద బతుకుతుంది. ఏ రిసెప్టర్, ఏ కబురు అన్నది ఒక్కో లింఫోమాలో ఒక్కో తీరు. జబ్బు ఏళ్ల తరబడి మెల్లగా సాగుతుందా, వారాల్లో కమ్ముకొస్తుందా, ఏ మందుకు లొంగుతుంది అన్నవి చాలావరకు దాన్ని బట్టే ఉంటాయి. అందుకే వాచిన బిళ్ళను, అంటే లింఫ్ గ్రంథిని, తీసి పరీక్ష చేయకుండా అంచనాతో మందు మొదలుపెడితే నాకు చాలా బాధ కలుగుతుంది.

నా దగ్గరికి పేషెంటు రాడు, డబ్బా వస్తుంది. దేవరకొండ నుంచో, అచ్చంపేట నుంచో కొడుకో అల్లుడో ఆర్టీసీ బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన చిన్న ప్లాస్టిక్ డబ్బా. అందులో, ముక్క కుళ్లకుండా కాపాడే ఫార్మలిన్ ద్రవంలో మునిగి రెండు సెంటీమీటర్ల బిళ్ళ ఉంటుంది. మధ్యకు కోస్తే లోపల నున్నగా, తెల్లబూడిద రంగులో కనిపిస్తుంది. కంటితో చూసి ఏమీ తేల్చలేం. దాన్ని మైనంలో పోసి, వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పలచని పొరలు తీసి, గాజు పలక మీద పరిచి రంగులు వేస్తాం. సీడీ20 అనే ప్రోటీన్ కోసం పరీక్ష చేసినప్పుడు, అది ఉన్న కణాల కేంద్రకం నీలంగా, దాని చుట్టూ అంచు మాత్రం గోధుమ రంగులో తేలుతుంది. మామూలు బిళ్ళలో ఈ గోధుమ అంచు కణాలు అక్కడక్కడా గుండ్రటి గుంపులుగా ఉంటాయి. బి కణ లింఫోమాలో ఆ గుంపుల అమరిక చెరిగిపోయి, స్లైడు ఈ చివర నుంచి ఆ చివర దాకా అదే రంగు పరుచుకుంటుంది. ఎన్నేళ్లుగా చూస్తున్నా, అలాంటి స్లైడు కనబడితే ఇప్పటికీ ఒక్క క్షణం చెయ్యి ఆగుతుంది.

ఇప్పుడు ఆ కణం సంగతికి వద్దాం. బి కణాలు ఒక రకం తెల్ల రక్తకణాలు. వాటి పని సూక్ష్మజీవుల్ని గుర్తుపట్టి యాంటీబాడీలు తయారుచేయడం. ఒక్కో బి కణం మీద ఒకే రకం రిసెప్టర్ సుమారు లక్ష కాపీలుగా ఉంటుంది. పొరలో నాటుకుని బయటికి చాచిన యాంటీబాడీయే ఆ రిసెప్టర్. దానికి ఆనుకుని సీడీ79ఏ, సీడీ79బి అని రెండు ప్రోటీన్లుంటాయి. బయట సూక్ష్మజీవి ముక్కను పట్టుకోవడం యాంటీబాడీ వంతు, దొరికిందని లోపలికి కబురు పంపడం ఈ రెండింటి వంతు.

మరి కోట్లాది రకాల రిసెప్టర్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? మన జన్యువులు చూస్తే సుమారు ఇరవై వేలే. బి కణం పుట్టేటప్పుడు తన డీఎన్‌ఏను తానే కోసి, ముక్కల్ని కొత్త వరసలో అతుక్కుంటుంది. ఒక్కో కణంలో ఒక్కో అతుకు. దీన్ని కనిపెట్టినందుకు జపాన్ శాస్త్రవేత్త సుసుము తొనెగావాకు 1987లో నోబెల్ వచ్చింది. అంతటితో అయిపోదు. ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు బి కణం బిళ్ళలోకి చేరి, రిసెప్టర్‌కు ఇంకా మంచి పట్టు దొరికేదాకా ఆ జన్యువులో మార్పులు చేసుకుంటూ పోతుంది. ఆ సమయంలో అక్కడ మార్పులు జరిగే వేగం మామూలు కంటే దాదాపు పది లక్షల రెట్లు.

మనల్ని కాపాడే ఏర్పాటు ఇదే. ప్రమాదం పొంచి ఉన్నదీ ఇక్కడే. డీఎన్‌ఏను కోసి అతికే చోట ఒక్కోసారి వేరే క్రోమోజోమ్ ముక్క వచ్చి అతుక్కుంటుంది. యాంటీబాడీ జన్యువు 14వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, బి కణంలో అది ఎప్పుడూ చురుగ్గా పనిచేస్తూనే ఉంటుంది. 18వ క్రోమోజోమ్ నుంచి బీసీఎల్2 అనే జన్యువు వచ్చి దాని పక్కన చేరితే చావవలసిన కణం చావదు. ఫాలిక్యులర్ లింఫోమాలో ఎక్కువ శాతం ఇలా మొదలైనవే. 8వ క్రోమోజోమ్ నుంచి మిక్ జన్యువు వచ్చి చేరితే కణం ఆగకుండా విభజన అవుతుంది, అది బర్కిట్ లింఫోమా. 11వ దాని నుంచి సైక్లిన్ డి1 అనే జన్యువు వస్తే మ్యాంటిల్ సెల్ లింఫోమా. ఒకే చోట జరిగే పొరపాటు, ఏ ముక్క వచ్చి పడిందన్న దాన్ని బట్టి మూడు వేరు జబ్బులు.

పిల్లలూ, ఇక్కడ మీరు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ప్రతి కణంలో యాంటీబాడీ జన్యువు రెండు కాపీలుంటుంది. ఒకటి ఇలా చెడిపోయింది. మరి రెండోది? ఎక్కువ బి కణ లింఫోమాల్లో రెండో కాపీ చెక్కుచెదరకుండా ఉంటుంది, రిసెప్టర్‌ను తయారుచేస్తూనే ఉంటుంది. క్యాన్సర్ కణం తనకు అక్కర్లేని వాటిని ఎన్నో వదిలేసుకుంటుంది, దీన్ని మాత్రం వదలదు. ఎందుకంటే ఇది లేనిదే బతకలేదు. 1997లో జర్మనీలో క్లాస్ రాయెవ్‌స్కీ బృందం ఎలుకల్లో, ఎదిగిన బి కణాల మీద నుంచి ఈ రిసెప్టర్‌ను తొలగించి చూసింది. ఆ కణాలు చచ్చిపోయాయి. పట్టుకోవడానికి సూక్ష్మజీవి లేకపోయినా రిసెప్టర్ సన్నగా "బతికుండు" అన్న కబురు పంపుతూనే ఉంటుందని ఆ ప్రయోగంతో అర్థమైంది. మంచి కణానికి అవసరమైన ఆ కబురునే లింఫోమా కణం తన బతుకుకు వాడుకుంటోంది.

పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించే డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమా దగ్గర ఈ విషయం బాగా తేటపడింది. మైక్రోస్కోపు కింద అన్నీ ఒకేలా కనిపించేవి. అయినా ఒకే మందుకు కొందరు కోలుకునేవారు, కొందరికి జబ్బు తిరగబెట్టేది. 2000లో జన్యువుల తీరు చూసి ఇందులో కనీసం రెండు రకాలున్నాయని తేల్చారు. ఒకటి జీసీబీ (జెర్మినల్ సెంటర్ బి కణాన్ని పోలింది), రెండోది ఏబీసీ (ఉత్తేజితమైన బి కణాన్ని పోలింది). రెండోది ఎక్కువ మొండిది. 2010లో అమెరికాలో లూయిస్ స్టాట్ బృందం దానికి కారణం చూపించింది. ఏబీసీ రకం కణాల్లో బి కణ రిసెప్టర్ ఎడతెగకుండా కబురు పంపుతూనే ఉంటుంది. దాదాపు ఐదింట ఒక వంతు కేసుల్లో సీడీ79బిలోనే మార్పు కనిపించింది.

మన వైపు పిల్లలకు దీన్ని బోరు మోటారుతో చెప్తే తేలిగ్గా అందుతుంది. స్టార్టర్ బటన్ నొక్కితే మోటారు తిరుగుతుంది, మడి తడవగానే ఆపేస్తాం. ఆటో స్టార్టర్ బిగిస్తే పొలంలో మనిషి లేకపోయినా కరెంటు ఉన్నంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. 2018లో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వమే రైతుల్ని అడిగింది, మీకు గుర్తుండే ఉంటుంది. సీడీ79బి మారిన కణంలో రిసెప్టర్ పరిస్థితి అదే. ఇక స్టార్టర్ నుంచి మోటారుకు వెళ్లే వైరు బీటీకే అనే ఎంజైమ్. ఆ వైరు తెంపితే మోటారు ఆగాలి. కానీ కొన్ని కణాల్లో బీటీకే దాటాక ఉండే కార్డ్11 అనే ప్రోటీన్‌లో మార్పు ఉంటుంది. అంటే మోటారుకు కరెంటు వేరే దారిలో నేరుగా అందుతోంది. అప్పుడు స్టార్టర్ వైరు తెంపినా ప్రయోజనం లేదు.

బీటీకే పేరు వెనక ఒక పిల్లల డాక్టర్ ఉన్నాడు. ఆగ్డెన్ బ్రూటన్, అమెరికా సైన్యంలో పనిచేసేవాడు. మాటిమాటికీ తీవ్రమైన బాక్టీరియా ఇన్‌ఫెక్షన్లు వచ్చే ఎనిమిదేళ్ల బాబు రక్తంలో యాంటీబాడీలే లేవని 1952లో రాశాడు. బయటి నుంచి యాంటీబాడీలు ఇంజెక్షన్‌గా ఇస్తే బాబు కుదుటపడ్డాడు. ఆ జబ్బుకు కారణమైన జన్యువు 1993లో దొరికింది, దానికి ఆయన పేరే పెట్టారు. అది పనిచేయని పిల్లల్లో బి కణాలు దాదాపు ఉండవు. అంటే బీటీకే లేనిదే బి కణం లేదు. అయితే బి కణ క్యాన్సర్‌లో దాన్ని ఆపితే ఏమవుతుంది అన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. ఇబ్రూటినిబ్ అనే మాత్రకు 2013 నవంబరులో మ్యాంటిల్ సెల్ లింఫోమా కోసం అమెరికాలో అనుమతి వచ్చింది. వేరే మందులు పనిచేయని ఆ పేషెంట్లలో 68 శాతం మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. ఒక చిన్నపిల్లాడి ఇన్‌ఫెక్షన్ల దగ్గర మొదలైన పరిశీలన అరవై ఏళ్లకు పెద్దల క్యాన్సర్‌కు మందు అయిందంటే, చదువుకునే పిల్లలుగా మీరు దాన్ని మనసులో పెట్టుకోవాలి.

జబ్బు తిరగబెట్టిన డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమాలో ఇదే మాత్ర వాడి చూశారు. 2015లో ఫలితాలు వచ్చాయి. ఏబీసీ రకంలో 37 శాతం మందికి పనిచేసింది, జీసీబీ రకంలో 5 శాతం మందికే. బయటి నుంచి చూస్తే రెండూ ఒకే జబ్బు. రిసెప్టర్ మీద ఆధారపడిన తీరులోనే తేడా. అయితే మొదటి చికిత్సలోనే జీసీబీ కాని రకం వాళ్లందరికీ దీన్ని కలిపి ఇస్తే బాగుంటుందేమో అని పెద్ద అధ్యయనం చేస్తే మొత్తం మీద లాభం కనిపించలేదు. అరవై ఏళ్ల లోపు వాళ్లకు కొంత మేలు జరిగింది, ఆ పైవాళ్లకు దుష్ఫలితాలే ఎక్కువయ్యాయి. రక్తస్రావం, గుండె లయ తప్పడం ఈ మందుతో వచ్చే ఇబ్బందులు. పైగా కణం కూడా ఊరుకోదు. ఈ మందు బీటీకేలో 481వ స్థానంలో అతుక్కుంటుంది. ఆ ఒక్క స్థానం మారిందంటే మందుకు పట్టు దొరకదు. ఆ స్థానంతో పని లేకుండా బీటీకేను ఆపే పిర్టోబ్రూటినిబ్ 2023లో వచ్చింది.

ఇంతసేపూ రిసెప్టర్ లోపలి మార్పుల గురించి చెప్పాను. బయటి నుంచి రెచ్చగొడితే కూడా లింఫోమా పెరుగుతుంది. కడుపులో హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా ఏళ్ల తరబడి కాపురం ఉంటే, దాన్ని ఎదుర్కోవడానికి బి కణాలు, టి కణాలు అనే మరో రకం రక్షణ కణాలు అక్కడికి చేరి నిరంతరం పనిచేస్తూ ఉంటాయి. కొందరిలో చివరికి ఆ బి కణాలే మాల్ట్ లింఫోమా అవుతాయి. 1993లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఆరుగురు పేషెంట్లకు కీమో ఇవ్వకుండా బాక్టీరియా పోవడానికి యాంటీబయాటిక్స్ మాత్రమే ఇచ్చారు. ఐదుగురిలో లింఫోమా కరిగిపోయింది. క్యాన్సర్‌కు యాంటీబయాటిక్ అంటే నమ్మబుద్ధి కాదు, కానీ ఈ రోజు తొలి దశలో అదే మొదటి చికిత్స. అయితే 11, 18 క్రోమోజోములు అతుక్కున్న రకమైతే సాధారణంగా యాంటీబయాటిక్‌కు లొంగదు, ఎందుకంటే దానికి బయటి ప్రేరణతో పని తీరిపోయింది. కాబట్టి కడుపు లింఫోమా అనగానే భయపడి కూర్చోవద్దు. బయాప్సీలో, అంటే ముక్క తీసి చేసే పరీక్షలో, ఆ బాక్టీరియా ఉందా లేదా అని డాక్టర్‌ను తప్పక అడగండి.

హాడ్జ్‌కిన్ లింఫోమా సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. కుర్రవాళ్లలో మెడ బిళ్ళతో ఎక్కువగా కనిపించేది ఇదే. ఇందులో క్యాన్సర్ కణాలు బి కణాల నుంచే పుట్టినా, రిసెప్టర్‌ను పోగొట్టుకున్నాయి. ఇందాక చెప్పిన లెక్క ప్రకారం చచ్చిపోవాలి. చావకుండా వేరే దారులు వెతుక్కున్నాయి. కొందరిలో ఎప్‌స్టీన్ బార్ వైరస్ తన ప్రోటీన్‌తో రిసెప్టర్ కబురును అనుకరిస్తుంది. ఇంకో సంగతి. బిళ్ళ మొత్తంలో ఈ క్యాన్సర్ కణాలు నూటికి ఒకటో రెండో ఉంటాయి. మిగతావన్నీ వాటి చుట్టూ చేరిన మన రక్షణ కణాలే. అన్ని టి కణాలు చుట్టుముట్టి ఉన్నా ఏమీ చేయలేకపోతున్నాయి, ఎందుకు?

జవాబు మరో రిసెప్టర్ దగ్గర ఉంది. టి కణం మీద పీడీ1 అని ఒకటుంటుంది. తసుకు హోంజో దాన్ని 1992లో కనిపెట్టాడు, 2018లో జేమ్స్ ఆలిసన్‌తో కలిసి నోబెల్ తీసుకున్నాడు. పీడీ1కు పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ తగిలితే టి కణం ఆగిపోతుంది. మామూలుగా అది మంచిదే, లేకపోతే మన కణాలు మన ఒంటినే తినేస్తాయి. హాడ్జ్‌కిన్ కణంలో పీడీ-ఎల్1 ఉండే 9వ క్రోమోజోమ్ భాగం తరచూ ఎక్కువ కాపీలుగా ఉంటుంది. తన మీద ఆ ప్రోటీన్‌ను దట్టంగా పరుచుకుని, వచ్చిన ప్రతి టి కణాన్నీ ఆపేస్తుంది. నివోలుమాబ్ అనే మందు పీడీ1ను కప్పేస్తుంది. 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ఎన్నో చికిత్సలు విఫలమైన 23 మందిలో 20 మందికి అది పనిచేసింది. క్యాన్సర్ వైద్యంలో ఇలాంటి అంకె అరుదు.

అయితే నర్సింగ్ విద్యార్థులు ఇది జాగ్రత్తగా వినండి. లింఫోమా టి కణం నుంచే పుట్టిందనుకోండి. అప్పుడు పీడీ1 ఉన్నది క్యాన్సర్ కణం మీదే, దాన్ని కొంతైనా అదుపులో పెడుతున్నదీ ఆ రిసెప్టరే. హెచ్‌టీఎల్‌వీ1 వైరస్‌తో వచ్చే టి కణ జబ్బులో నివోలుమాబ్ ఇచ్చిన ముగ్గురికి జబ్బు ఒక్కసారిగా ఎగదన్నింది. 2018లో ఆ నివేదిక వచ్చింది. ఒకే మందు, ఒకే రిసెప్టర్. ఒకచోట ప్రాణం నిలిపింది, ఇంకోచోట జబ్బును ఉసిగొలిపింది. "వేరే వాళ్లకు పనిచేసిందట గదా సార్, మాకూ రాయండి" అని అడిగేవాళ్లకు నేను చెప్పే ఉదాహరణ ఇదే.

మన పేషెంట్లకు ఎక్కువగా అందుతున్న మందు రిటుక్సిమాబ్, ఇది మందుగా తయారుచేసిన యాంటీబాడీ. 1997లో అనుమతి పొందింది. బి కణం మీది సీడీ20ని పట్టుకుంటుంది, దాని తోకను మన సహజ హంతక కణాలు తమ రిసెప్టర్‌తో అందుకుని ఆ బి కణాన్ని చంపుతాయి. పాత నాలుగు మందుల కీమోకు దీన్ని కలిపితే, అరవై దాటిన పేషెంట్లలో జబ్బు పూర్తిగా మాయమైనవాళ్లు 63 నుంచి 76 శాతానికి పెరిగారు. 2007లో హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ దీన్ని రెడిటక్స్ పేరుతో తక్కువ ధరకు తెచ్చింది, మనలాంటి చోట్ల అది పెద్ద మేలు. ఇక కార్-టి అంటే పేషెంటు టి కణాలనే తీసి, బి కణం మీది మరో ప్రోటీన్ సీడీ19ను పట్టుకునే కొత్త రిసెప్టర్ వాటికి తొడిగి, మళ్లీ ఒంట్లోకి ఎక్కించడం. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో మన దేశంలో అనుమతి వచ్చింది. అందులోనూ జబ్బు తిరగబెట్టడానికి ఒక కారణం, లింఫోమా కణం సీడీ19ను వదిలేసుకోవడం.

ఇప్పుడు ఆశా అక్కలతో మాట్లాడాలి. ఊళ్లో మెడకో చంకకో గజ్జకో బిళ్ళ కడితే ముందు మీకే తెలుస్తుంది. "నొప్పి లేదు గదక్కా, అదే పోతది" అంటారు. నొప్పి లేకపోవడం ధైర్యం చెప్పే సంగతి కాదు. లింఫోమా బిళ్ళ సాధారణంగా నొప్పి పెట్టదు, తాకితే రబ్బరులా తగులుతుంది. నాలుగు వారాలైనా తగ్గకపోతే, లేదా పెరుగుతూ పోతే, జ్వరం, రాత్రిళ్లు పక్క తడిసేంత చెమట, బరువు తగ్గడం తోడైతే పెద్దాసుపత్రికి పంపండి. మెడ కింద అడ్డంగా ఉండే కాలర్ ఎముక పైన గుంటలో బిళ్ళ అయితే అసలు ఆగొద్దు.

మన దగ్గర మెడ బిళ్ళ అనగానే టీబీ అనుకోవడం అలవాటు. టీబీ ఎక్కువే కాబట్టి ఆ అనుమానం తప్పు కాదు. జ్వరం, చెమటలు, బరువు తగ్గడం రెండింట్లోనూ ఒకటే. కానీ పరీక్ష లేకుండా ఆరు నెలల టీబీ మందులు మొదలుపెడితే, లోపల లింఫోమా ఉన్నవాళ్లకు ఆ ఆరు నెలలూ పోయినట్టే. బిళ్ళ ముక్కలో టీబీ క్రిమి డీఎన్‌ఏను వెతికే సీబీనాట్ పరీక్ష ఉంది, ప్రభుత్వ టీబీ కార్యక్రమంలో ఉచితం. సూదితో నాలుగు కణాలు లాగితే అనుమానం తెలుస్తుంది గానీ లింఫోమా రకం తేలదు. వీలైతే బిళ్ళను మొత్తంగా తీయించాలి, అప్పుడే అమరిక చూడగలం.

ఇంకో మాట, ఇది నా గుండె లోతుల్లోంచి చెప్తున్నాను. బయాప్సీకి ముందు స్టెరాయిడ్ వద్దు. ఊళ్లో నీరసమని, జ్వరమని డెక్సా అనే స్టెరాయిడ్ సూది వేస్తారు. బిళ్ళ చిక్కిపోతుంది, తగ్గిందని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. లింఫోమా కణాలు స్టెరాయిడ్‌కు కొన్నాళ్లు చస్తాయి, మళ్లీ లేస్తాయి. ఆ మధ్యలో బిళ్ళ తీసి పంపితే నా స్లైడు మీద చచ్చిన కణాలే కనిపిస్తాయి. ఏ రిసెప్టర్ ఉందో రాయలేను. రాయలేకపోతే అక్కడ డాక్టర్ మందు ఎంచలేడు.

పాథాలజీ పరీక్షకు పంపే బిళ్ళను తీసిన వెంటనే ఫార్మలిన్‌లో వేయాలి, ముక్కకు పది రెట్లు ద్రవం ఉండాలి. సెలైన్‌లో వేసి పంపితే దారిలోనే పాడవుతుంది. డబ్బా మీద పేరు, వయసు, బిళ్ళ ఎక్కడిదో రాయించండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో నిమ్స్‌కో వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకెళ్తే చాలదు. ల్యాబు నుంచి స్లైడ్లు, మైనం బ్లాకు అడిగి తీసుకోండి, అవి పేషెంటువే. అక్కడ మళ్లీ చూస్తారు, కావలసిన కొత్త పరీక్షలు ఆ బ్లాకు మీదే చేస్తారు. రేపు జబ్బు తిరగబెట్టి కొత్త మందు గురించి ఆలోచించాల్సి వచ్చినా పాత ముక్కతో పోల్చుకోవచ్చు. ఎండాకాలం బస్సు కిటికీ దగ్గర పెట్టకండి, మైనం మెత్తబడుతుంది. ఇంట్లో ఆరోగ్యశ్రీ కార్డు, ఆధార్ పెట్టే కవరులోనే దాన్నీ భద్రం చేయండి.

ఇక ప్రశ్నలు అడగండి. ముందు చివరి వరుసల్లో కూర్చున్నవాళ్లు అడగాలి.